సాలిడ్‌వర్క్స్ పనికి 60 వేలలో వర్క్‌స్టేషన్ కావాల (అనంతపురం): సెకండ్ హ్యాండ్ జియాన్ కొనాల్నా, కొత్తది అసెంబుల్ చేయించాల్నా?

అనంత_ఫ్యాబ్ (ప్రశ్న)

అన్నలకి, అక్కలకి నమస్కారం. మాది అనంతపురం. మెకానికల్ డిప్లొమా చేసినా, మా మేనమామకి ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది, నాలుగేళ్ళ నుంచి ఆయన దగ్గరే డిజైన్ పని చూస్తాండ. మా అసలు పని శెనక్కాయలు వలిచే మిషన్లు, విత్తనం గొర్రులు. ఈ మధ్య పెనుకొండ తట్టు కియాకి పార్టులు చేసే చిన్న చిన్న వెండర్ల నుంచి ఫిక్చర్లు, ట్రాలీలు కూడా వస్తాండాయి, అందుకే మామ అప్పు చేసి సాలిడ్‌వర్క్స్ (మిషన్లు 3డీలో గీసే సాఫ్ట్‌వేర్) లైసెన్స్ కొన్నాడు. సాఫ్ట్‌వేర్ ఖర్చు అయిపోయింది, ఇప్పుడు దాన్ని నడిపే మిషన్ లేదు.

ఇప్పుడు నా దగ్గర ఉండేది కాలేజీ నాటి ల్యాప్‌టాప్, ఐ5-8250యూ, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. శెనక్కాయల మిషన్ ఫుల్ అసెంబ్లీ దాదాపు 450 పార్టులు ఉంటాది, అది ఓపెన్ కావడానికే 8 నిమిషాలు పడ్తాది, ఏదన్నా ఒక కొలత మార్చి రీబిల్డ్ (మోడల్ మొత్తం మళ్ళా లెక్కగట్టడం) కొడితే స్క్రీన్ తెల్లగా అయిపోయి అట్లే నిలబడి పోతాది. మొన్న లేజర్ కటింగ్ ఆయప్ప ఫోన్ పట్టుకుని డీఎక్స్‌ఎఫ్ (కటింగ్ డ్రాయింగ్ ఫైల్) పంపు అని అడుగుతానే ఉన్నాడు, మామ నా ఎనకాల నిలబడి చూస్తానే ఉన్నాడు, నేను మౌస్ పట్టుకుని అట్లే కూర్చున్నా. రైతు సీజన్ లోపల మిషన్ అడుగుతాడు, మనం రెండు రోజులు లేట్ చేస్తే వేరే ఊరికి పోయి కొనుక్కుంటాడు.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కనుక్కుంటి. ఒక షాపులో కొత్త వర్క్‌స్టేషన్‌కి 1 లక్షా 40 వేలు చెప్పినారు, అది మా వల్ల కాదు. ఇంకో షాపులో రెండు జియాన్ ప్రాసెసర్లు (ఇంటెల్ సర్వర్లకి, వర్క్‌స్టేషన్లకి చేసేవి), మొత్తం 28 కోర్లు, 64 జీబీ ర్యామ్, 48 వేలు అన్నారు, వినడానికి చానా బాగుంది. నా ఫ్రెండ్ ఒకడు గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకో అంటాడు. మానిటర్‌తో కలిపి 60 వేలు దాటకూడదు. 28 కోర్లది తీసుకోవచ్చా? ఎవరన్నా వాడినోళ్ళు ఉంటే చెప్పండన్నా, ఈ డబ్బులు పోతే మళ్ళా రెండేళ్ళు మామని అడగలేను.

కర్నూలు_డ్రాయింగ్స్

తమ్ముడూ, 28 కోర్లది వద్దు. కోపం తెచ్చుకోకుండా కారణం విను, ఎందుకంటే ఈ తప్పు చానామంది చేస్తాండారు, చేసిన తర్వాత ఒప్పుకోరు.

నేను బేతంచెర్ల బండల పాలిష్ మిషన్లు, కటింగ్ మిషన్లు 14 ఏళ్ళుగా గీస్తున్నా. నీ ఎడమ పక్క ఫీచర్ ట్రీ (పార్టులో చేసిన ఒక్కో పని వరసగా చూపే లిస్టు) ఉంటుంది చూడు, అది గోడ కట్టడం లాంటిది. కింద వరస పడితేనే పై వరస పెట్టాలి. మొదటి ఎక్స్‌ట్రూడ్ (గీసిన బొమ్మకి మందం ఇవ్వడం) తేలితేనే దాని మీద కట్, ఆ కట్ తేలితేనే దాని అంచుకి ఫిల్లెట్ (అంచు గుండ్రంగా చేయడం). అందుకే మోడలింగ్, రీబిల్డ్ పని ఎక్కువ భాగం ఒక్క కోర్ మీదే నడుస్తుంది, నువ్వు 28 మంది మేస్త్రీల్ని పిలిచినా 27 మంది బీడీలు కాలుస్తా కూర్చుంటారు. ఆ పని చేసే ఒక్క మేస్త్రీ చెయ్యి ఎంత బిరీనా ఆడుతుందనేదే లెక్క.

48 వేలకి చెప్పినారంటే అది బహుశా ఈ5-2680 వీ4 జత అయ్యుంటుంది, ఒక్కోటి 14 కోర్లు. దాని టర్బో, అంటే గరిష్ఠంగా పోయే స్పీడు, 3.3 గిగాహెర్ట్జ్. అదే పాత ఐ7-8700 తీసుకుంటే 6 కోర్లే గానీ టర్బో 4.6 దాకా పోతుంది. నీ పనికి 28 కోర్ల కంటే ఈ 6 కోర్లే ముందు పరిగెత్తుతాయి. పైగా ఆ జియాన్ ఒక్కోటి 120 వాట్లు, రెండు కలిపి ఎండాకాలం రేకుల షెడ్డులో పెట్టుకుంటే పక్కన పొయ్యి పెట్టుకున్నట్టే.

ఇంకోటి, విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11ని ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు. ఆ వీ3, వీ4 జియాన్లు, 6, 7 తరాల ఐ7లు దాదాపు అన్నీ అందులో రావు. ఏవో అడ్డదారుల్లో ఎక్కిస్తామంటారు, వ్యాపారం నడిపే మిషన్‌కి అది నేను ఒప్పుకోను. షాపులవాళ్ళు ఇప్పుడు అవన్నీ చవగ్గా వదిలించుకుంటాండారు, రేటు తక్కువ ఎందుకుందో అర్థమయిందా.

నా మాట: రీఫర్బిష్డ్‌లో (వాడినవి బాగుచేసి అమ్మేవి) డెల్ ప్రెసిషన్ 3630 గానీ, హెచ్‌పీ జెడ్2 జీ4 గానీ, లెనోవో పీ330 గానీ చూడు. మూడూ 8, 9 తరాలవి.

కానీ కొనకముందు ఒక పని చెయ్యి. ఎవాల్యుయేట్ ట్యాబ్‌లో పెర్ఫార్మెన్స్ ఎవాల్యుయేషన్ అని ఉంటుంది. ముందు అసెంబ్లీలో నొక్కు, తర్వాత బరువుగా కనిపించిన పార్టుల్లో ఒక్కోదాంట్లో నొక్కు. ఏ ఫీచర్ ఎన్ని సెకన్లు తింటాందో చూపిస్తుంది. ఆ నంబర్లు ఈడ పెట్టు. 450 పార్టులకి 8 నిమిషాలంటే హార్డ్ డిస్క్ ఉన్నా సరే నాకు ఎక్కువే అనిపిస్తాంది.

ఇంటీరియర్_కర్నూలు

జియాన్‌ని మరీ అంత తీసి పారేయకండి అన్నా. నేను రెండు ప్రాసెసర్ల జియాన్ మూడేళ్ళుగా వాడుతున్నా, ఇంటీరియర్ రెండరింగ్‌కి, వీ-రే సీపీయూ మీద. రాత్రి పెడితే తెల్లారేదాకా నడిచే ఫ్రేము ఇప్పుడు భోంచేసి వచ్చేలోపల అయిపోతుంది. అన్ని కోర్లూ నూటికి నూరు నడుస్తాయి.

కర్నూలు_డ్రాయింగ్స్

నిజమే తమ్ముడూ, రెండరింగ్‌కి అది మంచి మిషనే, ఫ్రేముని ముక్కలు చేసి కోర్లకి పంచొచ్చు కాబట్టి. ఫ్లో అనాలిసిస్ పెద్దవి చేసేవాళ్ళకి కూడా పనికొస్తుంది. ఈ పిల్లోడి పని అది కాదు, ఆయన రోజంతా కొలతలు మార్చి రీబిల్డ్ కొట్టే మనిషి.

అనంత_ఫ్యాబ్

అన్నా, నువ్వు చెప్పినట్లు చూసినా. నాకే నమ్మబుద్ధి కాలేదు. 450 పార్టుల్లో రెండే రెండు పార్టులు మొత్తం తింటాండాయి, రెండూ జల్లెడలే!

ఒకటి రోటర్ కింద వంపు జల్లెడ, దాంట్లో కాయ నలిగి పప్పు, పొట్టు కిందికి దిగే పొడుగు స్లాట్లు 770. రెండోది దాని కింద ఊగే జల్లెడ, 1200 × 600 షీటు, 2 ఎంఎం మందం, 8 ఎంఎం బెజ్జాలు 12 ఎంఎం పిచ్‌లో, 100 ఒక వైపు 50 ఒక వైపు, అంటే 5000 బెజ్జాలు. ఆ ఒక్క లీనియర్ ప్యాటర్న్‌కే 41 సెకన్లు చూపిస్తాంది, మిగతా పార్టంతా కలిపి 2 సెకన్లు కూడా లేదు. పైగా కదిరి-6కి ఒక సైజు, కదిరి లేపాక్షికి ఒక సైజు అని శెనక్కాయ రకానికో జల్లెడ చేస్తాం, అవన్నీ కాన్ఫిగరేషన్లుగా ఒకే ఫైల్లో పెట్టినా నేను.

ఇన్ని రోజులూ ల్యాప్‌టాప్‌ని తిట్టుకుంటా ఉన్నా. ఇప్పుడు బెజ్జాలు లేకుండా జల్లెడ ఎట్ల గీయాల? లేజర్ ఆయప్పకి బెజ్జాలు కావాల కదన్నా.

కర్నూలు_డ్రాయింగ్స్

అదే నేను అనుకున్నది. బండల మిషన్‌లో నాకు రోలర్ చైన్ లింకులు ఇట్లే ప్రాణం తీసినాయి.

జల్లెడ పార్టులో రెండు కాన్ఫిగరేషన్లు (ఒకే పార్టుకి రెండు రూపాలు) పెట్టుకో. ఒకటి 'సింపుల్', దాంట్లో ప్యాటర్న్ సప్రెస్ చేసి (చెరిపేయకుండా లెక్కలో లేకుండా ఆపి) నాలుగు మూలల్లో నాలుగు బెజ్జాలు మాత్రం ఉంచు, జల్లెడ అని తెలిస్తే చాలు. ఇంకోటి 'లేజర్', దాంట్లో అన్నీ ఉంటాయి. అసెంబ్లీలో ఎప్పుడూ సింపులే పెట్టు. డీఎక్స్‌ఎఫ్ తీయాల్సిన రోజు మాత్రం పార్టు ఒక్కటే తెరిచి లేజర్‌కి మార్చి తీసి మూసెయ్యి. కస్టమర్‌కి చూపించే బొమ్మలో బెజ్జాలు కనిపించాలంటే ఫోటో ఒకటి డెకాల్‌గా అతికించుకో. ప్యాటర్న్‌లో జామెట్రీ ప్యాటర్న్ అనే టిక్ ఉంటుంది, ఫ్లాట్ షీటుకి అది పెడితే లేజర్ కాన్ఫిగరేషన్ కూడా కొంచెం తేలికవుతుంది.

ఒక్క జాగ్రత్త. బెజ్జాలు సప్రెస్ చేస్తే బరువు తప్పు చూపిస్తుంది. నీ షీటు లెక్కేసినా: బెజ్జాలు లేకుండా 11.3 కేజీలు, 5000 బెజ్జాలు తీసేస్తే దాదాపు 7.4 కేజీలు. మూడో వంతు పైనే లోహం బెజ్జాల్లో పోతాంది. అది ఊగే జల్లెడ, దాని బరువు చూసి కదా ఎక్సెంట్రిక్, మోటారు లెక్క వేస్తావు. సింపుల్ కాన్ఫిగరేషన్‌లో మాస్ ప్రాపర్టీస్‌కి పోయి ఓవర్‌రైడ్‌లో అసలు బరువు కొట్టు, మర్చిపోవద్దు.

అట్లనే మోటారు, బేరింగులు కంపెనీ సైట్లలో దింపిన స్టెప్ ఫైళ్ళు (రెడీమేడ్ 3డీ మోడళ్ళు) ఉంటే వాటిని కూడా చూడు. బేరింగ్ లోపల ఒక్కో గుండు, మోటారు పైన ఒక్కో ఫిన్, బోల్టుకి నిజం మరలు, ఇవన్నీ ఉంటాయి వాటిల్లో. నీకు కావాల్సింది బయటి కొలత, షాఫ్ట్, బోల్టు బెజ్జాలు. మిగతాది కోసెయ్యి.

సర్వీస్_అనంతపురం

నేను అనంతపురంలోనే కంప్యూటర్ సర్వీస్ చేస్తా, జేఎన్‌టీయూ పిల్లోళ్ళ ల్యాప్‌టాప్‌లు రోజూ వస్తాయి. కర్నూలన్న చెప్పింది నూటికి నూరు కరెక్ట్. రీఫర్బిష్డ్ కొనడానికి పోతే ఏం చూడాలో నేను చెప్తా, ఎందుకంటే మోసపోయి నా దగ్గరికి వచ్చినోళ్ళని చూసినా.

షాపులో మూత తీయమని అడుగు. తీయనంటే లేచి వచ్చెయ్. డెల్ అయితే సర్వీస్ ట్యాగ్ ఫోన్‌లో కొట్టి చూడు, కంపెనీ నుంచి ఏ ప్రాసెసర్‌తో, ఎప్పుడు బయటికి వచ్చిందో తెలుస్తుంది, మధ్యలో ఏం మార్చినారో అడగొచ్చు. పెన్‌డ్రైవ్‌లో సీపీయూ-జెడ్, జీపీయూ-జెడ్, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వేసుకుని పో, లోపల అసలు ఏముందో చూపించే సాఫ్ట్‌వేర్లు అవి. ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు తిరిగింది, ఆరోగ్యం ఎంత శాతం ఉంది క్రిస్టల్‌లో కనిపిస్తుంది. పాత గ్రాఫిక్స్ కార్డుకి కొత్త కార్డు పేరు ఎక్కించి అమ్మేవాళ్ళు ఉన్నారు, అట్లాంటిదాన్ని జీపీయూ-జెడ్ చానావరకు ఫేక్ అని పేరు ముందే రాసి చూపిస్తుంది. బయాస్‌లోకి పోయి పాస్‌వర్డ్ ఏదన్నా ఉందా చూడు, ఆఫీసుల నుంచి వచ్చిన మిషన్లకి ఉంటుంది, తర్వాత అది తీయించడానికి తిరగాల. అరగంట లోడ్ పెట్టి హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో టెంపరేచర్ చూడు, 8700 వంద డిగ్రీలు తాకుతాంటే ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి పంపే పేస్ట్ ఎండిపోయినట్టు, మార్చి ఇమ్మను.

సప్లై సంగతి. ఈ డెల్, హెచ్‌పీ వర్క్‌స్టేషన్లలో మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై డబ్బా) నేరుగా పట్టదు, వాళ్ళ కనెక్టర్లు వేరే. 3630లో 300 వాట్లది కూడా వచ్చింది, 460ది కూడా వచ్చింది. స్టిక్కర్ చదివి కొను. 300ది అయితే 170 వాట్లు తినే ఆర్‌టీఎక్స్ 3060 లాంటివి అందులో పెట్టే ఆలోచనే చేయొద్దు.

ర్యామ్ మాత్రం మిషన్‌తోనే 32 జీబీ ఉన్నది వెతుకు. 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు ఎట్ల ఎక్కినాయో చూస్తానే ఉన్నాం, 16 జీబీది కొని తర్వాత వేసుకుందాం అనుకుంటే మిగిలిందనుకున్న డబ్బు దానికే పోతుంది. 16వి రెండు స్టిక్కులు ఉంటే మంచిది, డ్యూయల్ చానల్ నడుస్తుంది.

గేమింగ్ ల్యాప్‌టాప్ వద్దు తమ్ముడూ. మీ షెడ్డులో గ్రైండింగ్ దుమ్ము ఉంటాది కదా, అది ఇనప పొడి. ల్యాప్‌టాప్ ఫ్యాన్ సందుల్లో చేరితే వేడి బయటికి పోదు, ప్రాసెసర్ తనంతట తానే స్పీడు తగ్గించుకుంటాది. నీ 8250యూ కూడా ఇప్పుడు అదే చేస్తాంటాది, ఒకసారి తెచ్చి ఇస్తే శుభ్రం చేసి ఒక చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ వేద్దాం, బిల్లులు రాసుకోవడానికి పనికొస్తుంది. టవర్ అయితే నెలకోసారి పక్క మూత తీసి బ్లోయర్ కొట్టుకుంటే సరిపోతాది, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో, ఊరికే గిరగిరా తిరగనీయొద్దు.

అనంత_ఫ్యాబ్

చానా థ్యాంక్స్ అన్నా. సింపుల్ కాన్ఫిగరేషన్ పెట్టినా. అదే పాత ల్యాప్‌టాప్‌లో 8 నిమిషాల అసెంబ్లీ ఇప్పుడు 2 నిమిషాల 10 సెకన్లలో తెరుచుకునింది, రీబిల్డ్ కొడితే స్క్రీన్ తెల్లబడటం లేదు. మామకి చూపించినా, ఆయన ఇంగ కొత్త మిషన్ ఎందుకురా అంటాడేమో అని భయపడితి గానీ అనలేదు.

రెండు డౌట్లు మిగిలినాయి. కొత్త ఐ5-12400 వేసి అసెంబుల్ చేస్తే ఎట్ల ఉంటాది? గ్రాఫిక్స్ కార్డు క్వాడ్రోనే (ఎన్విడియా డిజైన్ పనికి చేసేది) కావాల్నా, మామూలు జీఫోర్స్ (గేములకి చేసేది) సరిపోతాదా? అప్పుడప్పుడు రోటర్ షాఫ్ట్‌కి సిమ్యులేషన్‌ఎక్స్‌ప్రెస్‌లో స్ట్రెస్ కూడా చూస్తా, అంతకు మించి అనాలిసిస్ లేదు.

కర్నూలు_డ్రాయింగ్స్

12400 మంచి ప్రాసెసర్, టర్బో 4.4 అని చూసి తక్కువ అనుకోవద్దు, ఒక్కో గిగాహెర్ట్జ్‌కి అది చేసే పని ఎక్కువ, 8700 కంటే ఖచ్చితంగా ముందుంటుంది. 80 వేలు ఉంటే నేను అదే చెప్పేవాణ్ణి. కానీ బోర్డు, కొత్త ర్యామ్, ఎస్‌ఎమ్‌పీఎస్, క్యాబినెట్, విండోస్ అన్నీ కొంటే నీ 60లో కార్డుకీ మానిటర్‌కీ ఏమీ మిగలదు. రీఫర్బిష్డ్‌లో చానావాటికి విండోస్ ప్రో లైసెన్స్ బయాస్‌లోనే ఉంటుంది, అదొక ఖర్చు తప్పుతుంది.

కార్డు విషయం. జీఫోర్స్‌తో సాలిడ్‌వర్క్స్ నడవదని కాదు, నడుస్తుంది. రియల్‌వ్యూ బటన్ (మోడల్‌ని నిజం లోహం మాదిరి చూపేది) మాత్రం పనిచేయదు, ఎప్పుడన్నా సెలక్ట్ చేసిన అంచు కనపడకపోవడం, విండోలో గీతలు రావడం జరిగితే సర్టిఫైడ్ కార్డు (సాలిడ్‌వర్క్స్ వాళ్ళు పరీక్షించి ఒప్పుకున్నది) కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. లైసెన్స్‌కి అంత డబ్బు పెట్టినోడివి, సర్టిఫైడ్ కార్డే పెట్టు.

అందరూ క్వాడ్రో పీ2000 చెప్తారు, నా దగ్గరా అదే ఉంది, మంచి కార్డు. కానీ ఇప్పుడు కొనేవాడికి నేను చెప్పను. ఆ పాస్కల్ కాలం కార్డులకి ఎన్విడియా 580 వరస డ్రైవర్లతో ఆపేస్తాంది, రేపు సాలిడ్‌వర్క్స్ కొత్త వెర్షన్ కొత్త డ్రైవర్ అడిగితే ఇబ్బంది. దాని తర్వాతి తరం ట్యూరింగ్ టీ1000 తీసుకో. 50 వాట్లే, వేరే పవర్ కేబుల్ అక్కర్లేదు, 300 వాట్ల సప్లైలో కూడా నిశ్చింతగా నడుస్తుంది. 4 జీబీది నీకు చాలు, 8 జీబీది దొరికితే సంతోషం. దాని వెనక ఉండేవి నాలుగూ మినీ డిస్‌ప్లేపోర్ట్‌లు, హెచ్‌డీఎంఐ లేదు. కన్వర్టర్ కార్డుతో పాటే అడిగి తెచ్చుకో, ఇది మాత్రం మరవద్దు.

కడప_స్ట్రక్చర్స్

నేను కడపలో స్ట్రక్చరల్ డిజైన్ చేస్తాను, స్టాడ్ ప్రో, రెవిట్. మిషన్ గురించి వాళ్ళిద్దరూ బాగా చెప్పారు, రెవిట్‌లో కూడా అదే కథ, మోడల్‌లో పని చేసేటప్పుడు ఎక్కువగా ఒక్క కోరే కష్టపడుతుంది. కరెంటు గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను దాని వల్లే నష్టపోయాను కాబట్టి తమ్ముడికి చెప్పాలి.

రెండేళ్ళ కింద మే నెలలో నా మిషన్ ఊరికే రీస్టార్ట్ అయ్యేది. ఇంటి ఇన్వర్టర్ మీదే నడిపేదాన్ని. కరెంటు పోయినప్పుడల్లా ఫ్యాన్లు, లైట్లు అట్లే ఉండేవి, కంప్యూటర్ ఒక్కటే ఆరిపోయేది. ఒకరోజు సాయంత్రం ఐదు ఫ్లోర్ల బిల్డింగ్ మోడల్ సేవ్ అవుతుండగా పోయింది, ఫైల్ మళ్ళీ తెరుచుకోలేదు, బ్యాకప్ నాలుగు రోజుల కిందటిది. నాలుగు రోజుల పని మళ్ళీ చేశాను, ఆ వారం రాత్రుళ్ళు నిద్ర లేదు.

తర్వాత తెలిసింది ఏమంటే, నా పాత ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ ఇస్తుంది, మారడానికి టైం కూడా ఎక్కువ తీసుకుంటుంది. ఇప్పటి మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సాఫీగా లాగే సర్క్యూట్) ఉంటుంది, వాటిల్లో చాలావాటికి ఆ స్క్వేర్ వేవ్ పడదు. ప్యూర్ సైన్‌వేవ్ (మామూలు లైన్ కరెంటు లాంటి అల) ఇచ్చే యూపీఎస్ పెట్టుకున్నాక ఆ సమస్య పోయింది. నీకు 1 కేవీఏ, 600 వాట్లది చాలు, పది నిమిషాలు ఆగితే సేవ్ చేసి ఆపుకోవచ్చు. వెల్డింగ్ మిషన్ ఉన్న లైన్ మీద మాత్రం కంప్యూటర్ పెట్టకు, దానికి వేరే లైన్ లాగించు. వెల్డింగ్ ఆర్క్ కొట్టిన ప్రతిసారీ లైట్ మినుకుమంటుంది కదా, మీ షెడ్డులో గమనించు.

రెండోది ఎర్తింగ్. క్యాబినెట్‌కి మోచెయ్యి తగిలితే సన్నగా జిల్లుమంటుంటే దాన్ని తేలిగ్గా తీసుకోకు. నా దగ్గర ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ పెట్టి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే 38 వోల్టులు చూపించింది, అది రెండు మూడు వోల్టులు దాటకూడదు. కారణం ఏమంటే మన సీమలో ఎండాకాలం భూమి ఎండిపోయి పగుళ్ళిస్తుంది, ఎర్త్ గుంతలో తేమ లేకపోతే ఆ రాడ్డు ఉన్నా లేనట్టే. గుంత తవ్వి మళ్ళీ బొగ్గు, ఉప్పు వేయించి, వేసవిలో రోజూ ఒక బిందె నీళ్ళు పోయిస్తున్నాను. మీ అనంతపురంలో వాన ఇంకా తక్కువ, నువ్వు తప్పకుండా చూపించు.

సర్వీస్_అనంతపురం

అక్క చెప్పింది బంగారం. ఏప్రిల్, మేలో నా దగ్గరికి వచ్చే బోర్డుల్లో ఎర్తింగ్ లేక పోయినవే ఎక్కువ. కస్టమర్లు మిషన్ మంచిది కాదంటారు, గోడలో ప్లగ్గు చూపిస్తే అప్పుడు ఒప్పుకుంటారు.

అనంత_ఫ్యాబ్ (12 రోజుల తర్వాత)

అన్నలూ, అక్కా, మిషన్ వచ్చింది. వివరంగా రాస్తా, నా లాంటోళ్ళకి పనికొస్తాది.

బెంగళూరుకి పొద్దున బండికే పోతి. మొదటి షాపులో మూత తీయమంటే సీల్ పోతాదన్నాడు, సర్వీసన్న చెప్పినట్టే లేచి వస్తి. మూడో షాపులో ప్రెసిషన్ 3630 దొరికింది, ఐ7-8700, 16వి రెండు కలిపి 32 జీబీ, 512 జీబీ ఎన్‌వీఎంఈ, 30,500. సప్లై 460 వాట్లది. వాళ్ళే ఆరు నెలలు వారంటీ రాసిచ్చినారు. క్రిస్టల్ పెట్టి చూస్తే ఎస్‌ఎస్‌డీ 71 శాతం చూపించింది, వేరేది మార్చమంటే మార్చినారు, ఆయప్ప మర్యాదగానే మాట్లాడినాడు. లోడ్ పెడితే 20 నిమిషాలకే 94 డిగ్రీలు పోయింది, నా ముందరే హీట్‌సింక్ విప్పినాడు, పాత పేస్ట్ గచ్చు మాదిరి గట్టిగా ఎండిపోయి ఉంది, గోటితో గీరితే పొడి రాలింది. తుడిచి కొత్తది పెడితే 76 దగ్గర నిలబడింది.

టీ1000 4 జీబీది వాడినది 14,000. కన్వర్టర్ అడిగి తెచ్చుకున్నా. మానిటర్ ఈడ అనంతపురంలోనే 24 అంగుళాలది 8,300, యూపీఎస్ సైన్‌వేవ్‌ది 7,000. మొత్తం 59,800, కన్వర్టర్, చార్జీలు కాకుండా. వచ్చేటప్పుడు కార్డు విప్పి విడిగా గుడ్డలో చుట్టి నా బ్యాగులో పెట్టుకుంటి, డబ్బా సీటు పక్కన కాళ్ళ మధ్య పెట్టుకుని వస్తి, రోడ్డు కుదుపులకి కార్డు స్లాట్ విరిగిన కథలు విన్నా.

శెనక్కాయల మిషన్ అసెంబ్లీ సింపుల్ కాన్ఫిగరేషన్‌తో 19 సెకన్లలో ఓపెన్ అయితాంది. 5000 బెజ్జాల లేజర్ కాన్ఫిగరేషన్ రీబిల్డ్ ల్యాప్‌టాప్‌లో 43 సెకన్లు, దీంట్లో 17. ఆ 17 సెకన్లు టాస్క్ మేనేజర్ తెరిచి చూసినా, 12 గీతల్లో (6 కోర్లకి రెండేసి) ఒక్కటే పైకి లేచి మిగతావి నేల మీద పడుకుని ఉన్నాయి, కర్నూలన్న చెప్పిన మేస్త్రీ కనిపించినాడు.

ఎర్తింగ్ చూపిస్తే అక్క భయపడినట్టే అయింది, మాది 26 వోల్టులు. మామ ఆ రోజే గుంత తవ్వించినాడు, ఆరడుగుల దాకా పొడి మన్నే. బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోసినాక 1.8కి దిగింది. వెల్డింగ్ లైన్ కూడా వేరు చేసినాం. మిషన్‌ని షెడ్డులో నుంచి ముందర గదిలోకి మార్చినాం, గ్రైండింగ్ దుమ్ము ఆడికి రాదు.

ఒక డౌట్ అన్నా: జల్లెడ బరువు ఓవర్‌రైడ్ చేసినా, అయితే మందం 2 నుంచి 2.5 చేస్తే అది మారదు కదా?

కర్నూలు_డ్రాయింగ్స్

మారదు, నువ్వే మళ్ళా కొట్టాల. ఓవర్‌రైడ్ అంటే నువ్వు చెప్పిందే అది నమ్ముతుంది. మందం మార్చినప్పుడల్లా లేజర్ కాన్ఫిగరేషన్‌లో ఒకసారి అసలు బరువు చూసి దాన్ని సింపుల్‌లో ఎక్కించు. మర్చిపోకుండా ఆ పార్టు ట్రీలో పైనే ఒక కామెంట్ రాసిపెట్టుకో. 2.5కి నీ షీటు 9.2 కేజీల దగ్గర రావాల, సరిచూసుకో.

అనంత_ఫ్యాబ్

9.2 వచ్చిందన్నా. కామెంట్ రాసినా. డీఎక్స్‌ఎఫ్ ఇప్పుడే లేజర్ ఆయప్పకి పంపిస్తి.